తొమ్మిది మీద తొమ్మిది మీద తొమ్మిది

నంద్యాలలో బస్సు దిగిన కొత్తవాడికి ముందుగా కనిపించేవి నందులు కావు, ఫ్లెక్సీలు. బ్యాంకు పరీక్ష గట్టెక్కిన పిల్లల పాస్‌పోర్టు సైజు ఫొటోలు వరుసగా పేర్చి, ఒక్కో మొహం కింద ఒక్కో బ్యాంకు పేరు వేసి, అడుగున ఫోన్ నంబరు అచ్చేసిన ఫ్లెక్సీలు. గ్రూప్స్ కోచింగ్ అనగానే తెలుగువాళ్ళకు హైదరాబాదులోని అశోక్‌నగర్ గుర్తొస్తుంది. బ్యాంకు పరీక్షలంటే మాత్రం నంద్యాలే. ఉత్తరాంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ డిగ్రీ పట్టా చంకన పెట్టుకుని వచ్చి, హాస్టల్లో ఒక మంచం, మెస్సులో ఒక చోటు సంపాదించుకుని, నెలల తరబడి రఫ్ కాగితాలు నింపేవాళ్ళు ఈ ఊళ్ళో ఎప్పుడూ ఉంటారు.

వాళ్ళకు కావలసింది లెక్క రావడం ఒక్కటే కాదు, గడియారం కంటే ముందు రావడం. ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు. అందులో లెక్కల వాటా 20 నిమిషాలు. క్యాలిక్యులేటర్ పనికిరాదు. తప్పు పెడితే పావు మార్కు కోత. అందుకే నంద్యాల క్లాసుల్లో ప్రతి లెక్కకూ ఒక షార్ట్‌కట్ ఉంటుంది, ప్రతి షార్ట్‌కట్‌కూ ఒక ముద్దుపేరు ఉంటుంది. 'నంబర్ సిస్టమ్' అనే అధ్యాయంలో అలాంటి ముద్దుపేరు ఒకటి 'సైక్లిసిటీ'. బ్యాంకు పరీక్షల్లో దీని జోరు ఈమధ్య తగ్గినా, రైల్వే, ఎస్సెస్సీ పేపర్లకు కూడా కట్టేవాళ్ళు దాన్ని వదలరు.

ప్రశ్న ఇలా ఉంటుంది. 7 పవర్ 105లో ఒకట్ల స్థానంలో ఏ అంకె ఉంటుంది? అంటే ఏడును 105 సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య చివర ఏముంటుంది? ఆ సంఖ్యకు 89 అంకెలున్నాయి. దాన్ని గుణించుకుంటూ కూర్చుంటే పరీక్ష అయిపోవడం కాదు, ఆ ఏడాది నోటిఫికేషన్ అయిపోతుంది. కోచింగ్ కుర్రాడు మాత్రం పెన్ను కూడా ఎత్తడు. 7, 49, 343, 2401. చివరి అంకెలు 7, 9, 3, 1. తర్వాత మళ్ళీ 7. నాలుగు అడుగులకోసారి చక్రం తిరుగుతుంది. 105ని 4తో భాగిస్తే శేషం 1. కాబట్టి జవాబు 7. పది సెకన్లు.

చాలామంది దీన్ని చిట్కా అంటారు. చులకనగానే అంటారు. కానీ ఇందులో ఒక పెద్ద ఆలోచన దాక్కుని ఉంది. గుణకారంలో ఒకట్ల స్థానానికి పై స్థానాలతో పని లేదు. 343ని 7తో గుణించినా, దాని చివరి 3ను ఒక్కదాన్నే 7తో గుణించినా చివరికి వచ్చేది 1. కాబట్టి ఏ అడుగుకు ఆ అడుగు అక్కరలేనిది పారేయవచ్చు. చివర్లో పారేసినా ఇప్పుడే పారేసినా మిగిలేది ఒకటే. పది అంకెల సంఖ్య అయినా పది కోట్ల అంకెల సంఖ్య అయినా, చేతిలో ఎప్పుడూ ఒక్క అంకే ఉంటుంది. దీన్నే గణితంలో మాడ్యులర్ అంకగణితం అంటారు. 1801లో జర్మనీలో గౌస్ అనే 24 ఏళ్ళ కుర్రవాడు దీనికి గుర్తులూ సూత్రాలూ కూర్చి పుస్తకం వేశాడు. అంతకుముందు 1640లో ఫెర్మా ఒక ఉత్తరంలో, ఆ తర్వాత 18వ శతాబ్దంలో ఆయిలర్ తన వ్యాసాల్లో ఈ చక్రాలు ఎన్ని అడుగులకు తిరిగి మొదటికి వస్తాయో తేల్చారు. నంద్యాల రఫ్ కాగితం మీద ఉన్నది వాళ్ళ సరుకే.

ఏడుతో ఆగిపోతే మజా లేదు. నంద్యాల తొమ్మిది సంఖ్యకు పుట్టిల్లు.

ఊరి చుట్టూ నవ నందులున్నాయి. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఊళ్ళోనే ఉన్నాయి. శివ నంది, కృష్ణ నంది, సూర్య నంది, వినాయక నంది, గరుడ నంది, మహానంది చుట్టుపక్కల పొలాల మధ్యా నల్లమల అంచునా ఉన్నాయి. కార్తీక సోమవారం సూర్యుడు గూకేలోగా తొమ్మిదింటినీ చూసి రావాలని భక్తుల పట్టింపు. కడప వైపు జాతీయ రహదారి పట్టుకుని వెళ్తే ఆళ్ళగడ్డ వస్తుంది. అక్కడ దారి పక్కనే ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. శిల్పులు పాటించే తాళమానంలో నవతాళం అనే కొలత ఒకటుంది. ముఖం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఈ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం కొలతలోంచే పుట్టిన అంగుళం. నిలువెత్తు విగ్రహానికి తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. ఆళ్ళగడ్డ నుంచి అడవి వైపు తిరిగితే అహోబిలం. అక్కడ జ్వాలా నరసింహుడు మొదలుకొని పావన నరసింహుడి దాకా నవ నారసింహులు.

ఒకే దారిలో మూడు తొమ్మిదులు. వాటిని పక్కపక్కన పెట్టి కూడితే 27, గుణిస్తే 729. ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కిస్తేనే కథ అడ్డం తిరుగుతుంది. 9 పవర్ 9 అంటే 38,74,20,489. ముప్పై ఎనిమిది కోట్ల చిల్లర, ఫర్వాలేదు. ఇప్పుడు తొమ్మిదిని అన్నిసార్లు వేసి గుణించాలి. 9 పవర్ (9 పవర్ 9). మూడే అంకెలతో రాయగలిగిన సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దదని దీనికి పేరు. దీన్ని విప్పి రాస్తే 36 కోట్ల 96 లక్షల 93 వేల 100 అంకెలవుతాయి. సంఖ్య విలువ కాదు, అందులోని అంకెల లెక్క అది. తిండీ నిద్రా మాని సెకనుకో అంకె చొప్పున రాస్తే 11 ఏళ్ళ 8 నెలలు పడుతుంది.

ఈ సంఖ్య సాహిత్యంలోకి కూడా వెళ్ళింది. 1922లో వచ్చిన జేమ్స్ జాయిస్ నవల 'యులిసిస్'లో లియొపోల్డ్ బ్లూమ్ ఇలాంటి సంఖ్యనే తలుచుకుని, దాన్ని అచ్చువేయడానికి వెయ్యేసి పుటల సంపుటాలు 33 కావాలని లెక్కేస్తాడు. అయితే నవలలో మాటలు పేర్చిన తీరు చూస్తే బ్రాకెట్ తప్పు చోట పడింది. తొమ్మిదో ఘాతానికి మళ్ళీ తొమ్మిదో ఘాతం అంటే 9 పవర్ 81 మాత్రమే. దానికి 78 అంకెలు, పోస్టుకార్డు మీద పడతాయి. బ్రాకెట్ ఎక్కడ పడుతుందన్నది నంద్యాలలో ఒక మార్కు ప్రశ్న. జాయిస్‌కు నెగటివ్ మార్కింగ్ లేదు కాబట్టి సరిపోయింది.

మనవాళ్ళు పెద్ద సంఖ్యను పద్యంలో పెట్టారు. మహావీరాచార్యుల గణితాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు మీద ఒక చంపకమాల ప్రసిద్ధం. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్ళకూ కలిపి ఎంతవుతుందో అందులో ఉంటుంది. 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. అంకెకో మాట. ఐదుకు బాణం, ఒకటికి చంద్రుడు, నాలుగుకు వేదం, ఇలా సంకేతాల మీద పద్యం నడుస్తుంది. గమనించాల్సిన సంగతి, ఈ పద్ధతిలో లెక్క ఒకట్ల స్థానం నుంచి మొదలవుతుంది. పద్యంలో తొలి మాటే సంఖ్యలో చివరి అంకె. కోచింగ్ కుర్రాడు వెతికే అంకె ఏదో మల్లన మొట్టమొదటే చెప్పేశాడు. కావాలంటే సరిచూసుకోవచ్చు. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6. 64 నాలుగుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టి 6. అందులోంచి ఒకటి తీస్తే 5.

మల్లన లెక్కన పద్యానికి ఇరవై అంకెలు చొప్పున మన తొమ్మిదుల సంఖ్యను పద్యాల్లో కడితే కోటీ 84 లక్షల 84 వేల 655 పద్యాలు కావాలి. ఆంధ్ర దేశంలోని అవధానులందరినీ పిలిచి కూర్చోబెట్టినా తెమిలే పని కాదు. అయినా ఆ సంఖ్య చివరి మూడంకెలు ఏమిటో ఈ పేజీ అంచున చేతిలెక్కతో తేల్చవచ్చు.

మూడంకెలే కావాలి కాబట్టి ఏ అడుగులో నాలుగో అంకె వచ్చినా దాన్ని కొట్టేయడమే. తొమ్మిది ఘాతాల చివరి మూడంకెల చక్రం 50 అడుగులకు తిరిగి మొదటికి వస్తుంది. ఆయిలర్ సూత్రం 400 అని గట్టి హామీ ఇస్తుంది గానీ, తొమ్మిది విషయంలో అందులో ఎనిమిదో వంతే చాలు. ఘాతం 38,74,20,489. దాన్ని 50తో భాగిస్తే శేషం 39. అంటే ముప్పై ఎనిమిది కోట్ల గుణకారాల పని కాస్తా 9 పవర్ 39కి దిగింది. ఇప్పుడు వర్గాలు చేసుకుంటూ పోవాలి. 9కి వర్గం 81. 81కి వర్గం 6561, వెయ్యి దాటింది, 561 ఉంచుకోవాలి. దాని వర్గం 3,14,721, చివర 721. దాని వర్గం చివర 841. దాని వర్గం చివర 281. ఇంతవరకు వచ్చినవి వరుసగా 9కి ఒకటో ఘాతం, రెండో ఘాతం, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. మనకు కావలసిన 39 అంటే 32, 4, 2, 1 కలిస్తే వచ్చేది. కాబట్టి 281ని 561తో గుణిస్తే చివర 641. దాన్ని 81తో గుణిస్తే 921. దాన్ని 9తో గుణిస్తే 289.

అంతే. ఎనిమిది గుణకారాలు. పదకొండేళ్ళు రాసినా ముగియని సంఖ్య చివర 289 ఉంటుంది. ఇది అంచనా కాదు, ఊహ కాదు. ఎవరూ చేత్తో రాసి చూడని సంఖ్య గురించి, దాన్ని రాయకుండానే, కచ్చితంగా చెప్పగలిగిన మాట. ఈ వ్యాసకర్త దృష్టిలో లెక్కల్లో ఇంతకంటే దర్జా అయిన సంగతులు చాలా తక్కువ.

మూడంకెలతో ఎందుకు ఆగాలి? కార్తీక సోమవారం నంద్యాలలో నందులు చూసుకుని, ఆ రోజు నుంచి 9 పవర్ (9 పవర్ 9) రోజులు లెక్కపెడితే ఏ వారం వస్తుంది? ఇక్కడ పారేయాల్సింది ఏడులు. తొమ్మిదిలో ఏడు తీస్తే రెండు. రెండుకు మూడో ఘాతం ఎనిమిది, అందులో ఏడు తీస్తే ఒకటి. చక్రం మూడు అడుగులది. ఘాతంలో ఉన్న 9 పవర్ 9 మూడుతో నిశ్శేషంగా పోతుంది. కాబట్టి శేషం 1. సోమవారం తర్వాత ఒక రోజు, మంగళవారం. రోజులు కాక ఏళ్ళు లెక్కపెడితే? మన సంవత్సరాలు అరవై. అరవై పారేస్తూ పోతే తొమ్మిది ఘాతాలు 9, 21, 9, 21 అని ఊగుతాయి. ఘాతం బేసి సంఖ్య కాబట్టి 9. 2025 ఉగాదికి వచ్చిన విశ్వావసు తర్వాత తొమ్మిదోది ఆనంద. పంచాంగం రాసేవాళ్ళు నోట్ చేసుకోవచ్చు.

ఇల్లు కట్టేవాళ్ళు చూసుకునే ఆయం కూడా శేషమే. వాస్తు పుస్తకాల్లో మామూలుగా చెప్పే పద్ధతి ప్రకారం స్థలం పదాల లెక్కను 9తో గుణించి 8తో భాగిస్తారు. శేషం 1 అయితే ధ్వజాయం, 2 ధూమాయం, 3 సింహాయం, అలా కాకాయం దాకా. ధ్వజం మంచిది, ధూమం కూడదు అంటారు. నమ్మకం ఎవరిష్టం వాళ్ళది. లెక్క సంగతి వేరు. తొమ్మిదిని ఎనిమిదితో భాగిస్తే శేషం ఒకటి కాబట్టి, 9తో గుణించినా గుణించకపోయినా ఆయం మారదు. ఎన్నో ఇళ్ళ ప్లాన్ల మీద ఆ గుణకారం వృథాగా జరుగుతోంది. అదే కారణం చేత తొమ్మిది ఘాతాలన్నిటికీ ఎనిమిదితో శేషం ఒకటే వస్తుంది. 9 పవర్ (9 పవర్ 9) పదాల స్థలం ఎవరికైనా దొరికితే మరో మాట లేకుండా ధ్వజాయం. శంకుస్థాపన చేసుకోవచ్చు.

ఇంత తేలిగ్గా ఉన్న ఈ విద్యలో పిల్లలు బోర్లా పడే చోటు ఒకటుంది. సైక్లిసిటీ పట్టిక బట్టీపట్టిన కుర్రాడికి 7 పవర్ (7 పవర్ 7) ఇచ్చి చివరి అంకె అడిగితే, కింద ఏడుకు చివరి అంకె చూసినట్టే పైన ఘాతానికి కూడా చివరి అంకె తీసుకుంటాడు. 7 పవర్ 7 చివర 3 ఉంది కదా, 7 పవర్ 3 చివర 3, జవాబు 3 అంటాడు. జవాబు సరైనదే. దారి మాత్రం తప్పు. ఈసారికి అదృష్టం కలిసొచ్చింది. అదే దారిలో 2 పవర్ (3 పవర్ 3) చేస్తే, 27 చివర 7, 2 పవర్ 7 అంటే 128, చివర 8. ఇక్కడా సరిపోయింది. కుర్రాడికి ధైర్యం వస్తుంది. 2 పవర్ (4 పవర్ 2) దగ్గర దొరికిపోతాడు. 16 చివర 6, 2 పవర్ 6 అంటే 64, చివర 4 అంటాడు. అసలు సంఖ్య 65,536. చివర 6.

తప్పు ఎక్కడుందంటే, ఒక్కో అంతస్తుకు ఒక్కో భాజకం. నేల మీద 10 పారేస్తున్నప్పుడు ఆ పై అంతస్తులో పారేయాల్సింది 10 కాదు, చక్రం పొడవు. తొమ్మిదుల మేడలో చివరి మూడంకెలు కావాలంటే నేల మీద 1000, మొదటి అంతస్తులో 50, దాని మీద 10, దాని మీద 2. ఆ పైన పారేయడానికి ఏమీ మిగలదు. అందుకే మరో విచిత్రం. మూడు తొమ్మిదుల మేడ మీద నాలుగో తొమ్మిది ఎక్కించినా చివరి మూడంకెలు 289. నవ నందుల పేరు మీద తొమ్మిది అంతస్తులు లేపినా 289. సంఖ్య ఆకాశం దాటిపోతుంది, తోక మాత్రం కదలదు. ఇక రెండో మెలిక, 2, 5, 6 లాంటివి పదితో, వెయ్యితో ఉమ్మడి కారణాంకం ఉన్నవి. వాటికి ఆయిలర్ సూత్రం నేరుగా వర్తించదు. వెయ్యి పారేసేటప్పుడైతే చక్రంలో పడేముందు రెండు మూడడుగులు అటూ ఇటూ తడబడతాయి. పట్టికలో ఈ సంగతి రాయరు.

వర్గాలు చేసుకుంటూ పోయే ఉపాయం ఏ కంప్యూటర్ కాలం నాటిదో అనుకుంటే పొరపాటు. దాన్ని కనిపెట్టించింది పద్యం. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు క్రీస్తుకు పూర్వం వాడు. ఒక పాదంలో ఇన్ని అక్షరాలుంటే గురులఘువులు ఎన్ని రకాలుగా పేర్చవచ్చో ఆయన లెక్కించాలనుకున్నాడు. ఒక్కో అక్షరానికి రెండు దారులు కాబట్టి అది రెండు ఘాతం. ఆయన చెప్పిన పద్ధతి ఇది. సరిసంఖ్య అయితే సగం చెయ్యి. బేసి అయితే ఒకటి తీసెయ్యి. సున్నా దాకా దిగు. తిరిగి పైకి వచ్చేటప్పుడు ఒకటి తీసేసిన చోట రెట్టింపు చెయ్యి, సగం చేసిన చోట వర్గం చెయ్యి. ఇరవై అక్షరాల పాదానికి చూస్తే 20, 10, 5, 4, 2, 1, 0. తిరుగు ప్రయాణంలో 2, 4, 16, 32, 1024, చివరకు 10,48,576. ఆరు అడుగుల్లో అయిపోయింది. కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద బాలశిక్ష లాంటి గ్రంథం రాసిన డోనల్డ్ నూత్ కూడా ఈ పద్ధతికి పింగళుడినే పాత ఆధారంగా చూపించాడు.

ఆ పది లక్షల పైచిలుకు పేర్పుల్లో 355799వది మన ఉత్పలమాల. తెలుగు ఛందస్సు పుస్తకాలు ఆ సంఖ్యను ఇప్పటికీ అచ్చువేస్తాయి. సంఖ్య ఇచ్చి వృత్తం రాబట్టడాన్ని నష్టం అంటారు. అదీ శేషాల ఆటే. బేసి అయితే గురువు, ఒకటి కలిపి సగం చెయ్యాలి. సరి అయితే లఘువు, ఉన్నదాన్ని సగం చెయ్యాలి. 355799 బేసి, గురువు. ఒకటి కలిపి సగం చేస్తే 177900, సరి, లఘువు. సగం 88950, లఘువు. గురువు, లఘువు, లఘువు, భగణం వచ్చింది. తర్వాత 44475, 22238, 11119. గురువు, లఘువు, గురువు, రగణం. ఇంకో పద్నాలుగు సగాలు చేస్తే భరనభభరవ పూర్తిగా బయటపడుతుంది. 16వ శతాబ్దంలో నంద్యాలను ఏలిన కృష్ణరాజుకు పింగళి సూరన కళాపూర్ణోదయం అంకితమిచ్చాడు. ఆ కావ్యంలోని ఉత్పలమాలలకూ చంపకమాలలకూ ఈ లెక్కలో నంబర్లున్నాయి. చంపకమాలది 711600. నంద్యాలకు రెండు ఘాతాలతో చుట్టరికం కోచింగ్ సెంటర్లతో మొదలైంది కాదన్నమాట.

ఇప్పుడు అసలు బ్యాంకుకు వద్దాం. ఈ పిల్లలు చేరాలనుకునే బ్యాంకు తన తలుపు వేసుకునేది కూడా ఇదే లెక్కతో. 1977లో అమెరికాలోని ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు కట్టిన ఆర్ఎస్ఏ అనే తాళం ఇది. (ఇంగ్లండ్ గూఢచారి శాఖలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే కనిపెట్టాడు గానీ, అది 1997 దాకా రహస్యంగా ఉండిపోయింది.) బొమ్మ తాళం ఒకటి చూద్దాం. 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుంటే లబ్ధం 33. పంపాల్సిన రహస్యం 4. దాన్ని మూడో ఘాతం చేస్తే 64, అందులో 33 పారేస్తే 31. దారిలో దొంగకు దొరికేది 31. అందుకున్నవాడి దగ్గర 7 అనే రహస్య ఘాతం ఉంటుంది. 31కి ఏడో ఘాతం కట్టి 33 పారేస్తూ పోవాలి. నంద్యాల కుర్రాడికి ఇస్తే నవ్వుతాడు. 31 అంటే 33కి రెండు తక్కువ, కాబట్టి నెగటివ్ రిమైండర్ మైనస్ 2. దాని ఏడో ఘాతం మైనస్ 128. నాలుగు ముప్పై మూళ్ళు 132 కలిపితే 4. రహస్యం బయటకొచ్చింది.

నిజం తాళంలో 33 స్థానంలో 617 అంకెల సంఖ్య ఉంటుంది. ఆధార్ సమాచారాన్ని పంపేటప్పుడు వాడే 2048 బిట్ల తాళం ఈ కొలతదే. వేసే ఘాతం సాధారణంగా 65,537. అది రెండుకు పదహారో ఘాతం మీద ఒకటి. పదహారు వర్గాలు, ఒక గుణకారం, తాళం పడింది. తీసే ఘాతం మాత్రం తానే 600 పైచిలుకు అంకెలది. అక్కడ సుమారు మూడు వేల గుణకారాలు కావాలి. ఏ అడుగుకు ఆ అడుగు శేషం ఉంచుకుని మిగతాది పారేయడం వల్లే అది మూడు వేలలో తేలుతుంది. పారేయకపోతే వచ్చే సంఖ్యలో ఎన్ని అంకెలుంటాయో చెప్పడానికే 600 అంకెలకు పైగా కావాలి. మూడు తొమ్మిదుల మేడ దాని ముందు మరుగుజ్జు.

తాళానికి బలం మరోచోట ఉంది. ముందుకు వెళ్ళడం సులువు, వెనక్కి రావడం కష్టం. 9కి 39వ ఘాతం చివర 289 అని ఎనిమిది గుణకారాల్లో తేల్చాం. 289 ఇచ్చి, తొమ్మిదికి ఎన్నో ఘాతమో చెప్పమంటే? ఒక్కొక్కటే వేసి చూడాలి. వెయ్యిలోపు కాబట్టి ఓపిక ఉంటే దొరుకుతుంది. 617 అంకెల దగ్గర ఓపిక పనికిరాదు. ఆర్ఎస్ఏలో అయితే 33ని చూసి 3, 11 అని చెప్పగలిగితే చాలు, తాళం ఊడిపోతుంది. 33 కాబట్టి మూడో తరగతి పిల్లవాడు చెప్తాడు. 250 అంకెల సంఖ్యను విడదీయడానికి ప్రపంచానికి 2020 ఫిబ్రవరి దాకా పట్టింది. ఇటీవల ఫోన్లు, వెబ్‌సైట్లు చాలా చోట్ల ఎలిప్టిక్ కర్వ్ అనే వేరే రకం తాళానికి మారుతున్నాయి. అక్కడ వర్గం చేసే బదులు బిందువును రెట్టింపు చేస్తారు. అడుగులు పింగళుడివే.

నంద్యాల మాస్టార్లు పది సెకన్ల విద్య నేర్పుతున్నారని వెక్కిరించేవాళ్ళున్నారు. ఆ వెక్కిరింత అన్యాయం. పది సెకన్లలో 89 అంకెల సంఖ్య తోక పట్టుకోవడం చిన్న విద్య కాదు. అయితే ఆ చక్రం నాలుగు అడుగులకే ఎందుకు తిరుగుతుందో, ఘాతం అంతస్తులో భాజకం ఎందుకు మారుతుందో ఒక్క క్లాసు ఖర్చుపెట్టి చెప్తే, పట్టికలు బట్టీపట్టే పని సగం తగ్గుతుంది. 16కు 6 తీసుకుని పావు మార్కు పోగొట్టుకునే పిల్లలూ తగ్గుతారు. మాస్టార్లు ఆ ఒక్క క్లాసు ఇవ్వాలి.

పాఠకులకు ఒక చిన్న లెక్క. నల్లమల దాటి తిరుమల దాకా పోతే ఏడుకొండలు. ఏడు మీద ఏడు మీద ఏడు అని కొండకొకటి చొప్పున ఏడు ఏడులు ఎక్కించండి. చివరి రెండంకెలు ఏమిటి? ఏడుకు నాలుగో ఘాతం 2401 అని గుర్తుంటే కాగితం అక్కర్లేదు. జవాబు 43.